ఆదివారం పది గంటలకు పడిపోయే సైటు: ఒక కడప కోచింగ్ సెంటర్‌కు హోస్టింగ్ ఎంచిన కథ

2025 ఏప్రిల్ 27, ఆదివారం. పొద్దున పది గంటల ఐదు నిమిషాలకు ఫోన్.

"ఏందబ్బీ, పిల్లోళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తాండారు. పరీక్ష తెరుచుకోల్యా అంటాండారు."

అటువైపు రిటైర్డ్ హెడ్మాస్టరు. కడపలో డీఎస్సీ కోచింగ్ సెంటర్ నడుపుతారు. సరిగ్గా వారం కిందట, 20వ తేదీన, 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. పరీక్షలు జూన్ 6 నుంచి. చేతిలో ఉన్నది 40 రోజులు. బద్వేలు, మైదుకూరు, పులివెందుల నుంచి రోజూ బస్సెక్కి రాలేని వాళ్ల కోసం ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో మోడల్ పరీక్ష పెడతామని సారు కరపత్రాలు కూడా వేయించారు. దాదాపు 600 మంది డబ్బు కట్టారు. మొదటి పరీక్ష ఆ రోజే.

సైటు తెరిచి చూశాను. తెల్ల పేజీ మీద ఒకే ముక్క: 508, రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్. మళ్లీ నొక్కితే వచ్చింది. ఇంకోసారి నొక్కితే పోయింది. పది ఇరవై దాకా ఇదే దాగుడుమూతలు. ఆ తర్వాత దానంతటదే కుదుటపడి, పన్నెండున్నరకు మళ్లీ పడింది.

ఆ హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ బాడుగ) తీయించింది నేనే. మూడేళ్లకు ఒకేసారి కడితే నెలకు 150 రూపాయలు పడుతుందని, పైగా అన్నీ 'అన్‌లిమిటెడ్' అని, 2022లో నేనే చెప్పి కట్టించాను. అప్పట్లో ఆ సైటు పని ఫీజుల వివరాలు, పోయినేడు ఉద్యోగాలొచ్చిన వాళ్ల ఫొటోలు చూపించడం వరకే. రోజుకు వంద మంది చూస్తే గొప్ప. అంతవరకు ఆ ప్లాన్‌ను తప్పు పట్టాల్సిన పనే లేదు.

"అన్‌లిమిటెడ్ తీసుకుంటిమి గదా, మళ్లా లిమిట్ యాడిది?" అన్నారు సారు. న్యాయమైన ప్రశ్న.

లిమిట్ ఎక్కడుంది

ధరల పేజీలో పెద్దక్షరాల్లో ఉండేవి డిస్కు, బ్యాండ్‌విడ్త్, ఎన్ని సైట్లు, ఎన్ని ఈమెయిళ్లు, ఉచిత ఎస్‌ఎస్‌ఎల్ (సైటు అడ్రసు పక్కన తాళం గుర్తు తెచ్చేది). వీటిలో ఒక్కటీ మనల్ని కింద పడేసేది కాదు. మా సైటు మొత్తం 7 జీబీ. పరీక్ష రాసే ఒక్కో విద్యార్థి ఫోన్‌కు వెళ్లేది 2 ఎంబీ లోపు. 600 మందికీ కలిపి ఆదివారానికి 1.2 జీబీ. బ్యాండ్‌విడ్త్ 'అన్‌లిమిటెడ్' అయితేనేం, 100 జీబీ అయితేనేం? ఎస్‌ఎస్‌ఎల్ సంగతి సరేసరి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చాక అది అందరికీ ఊరికే దొరికేదే. దాన్ని కానుకలా రాసుకోవడం హోటల్లో మంచినీళ్లు ఉచితమని బోర్డు పెట్టడం లాంటిది.

మనల్ని పడేసే అంకెలు సీప్యానెల్‌లోకి (హోస్టింగ్‌ను నడిపించుకునే తెరలోకి) వెళ్లాక పక్కన చిన్నగా కనిపిస్తాయి. చాలా షేర్డ్ హోస్టింగ్ కంపెనీలు క్లౌడ్‌లైనక్స్ వాడతాయి. ఒకే సర్వర్ మీదున్న వందల సైట్లలో ఒకటి మిగతావాటిని తొక్కేయకుండా ఒక్కో ఖాతాకు అది గీత గీస్తుంది. మా గీతలు ఇవీ: ఎంట్రీ ప్రాసెస్‌లు (ఒకే క్షణంలో తీసుకునే పిలుపులు) 20, సీపీయూ ఒక కోరు, మెమరీ 1 జీబీ.

సారుకు ఇలా చెప్పాను. బస్టాండులో 20 కిటికీలున్న టికెట్ కౌంటర్ అనుకోండి. కిటికీకి ఒక్కరే నిలబడాలి, వెనక వరుస కట్టడానికి వీల్లేదు. ఇరవై ఒకటో మనిషి వస్తే గేటు దగ్గరే 508 అని వెనక్కి పంపేస్తారు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. కిటికీలు 20 ఉన్నా లోపల టికెట్లు కొట్టే గుమాస్తా ఒక్కడే. ఆ ఒక్క కోరే ఆ గుమాస్తా.

ఇక మా లెక్క. విద్యార్థి 'ప్రారంభించు' నొక్కగానే మా సైటు నడిచే వర్డ్‌ప్రెస్‌లో పరీక్ష పెట్టే అదనపు ముక్క, క్విజ్ ప్లగిన్, సర్వర్‌కు మూడు పిలుపులు పంపుతుంది. ఒక్కో పిలుపుకు సుమారు 0.2 సెకన్ల సీపీయూ పని. అంటే ఒక కోరు సెకనుకు 5 పిలుపులకు జవాబు చెప్పగలదు. పది గంటలకు 600 మంది ఒక్కసారి నొక్కితే 1,800 పిలుపులు. అందరూ బుద్ధిగా వరుసలో నిలబడినా తేలడానికి 6 నిమిషాలు. ఇక్కడ వరుసే లేదు. గెంటేసిన ప్రతి ఒక్కరూ మళ్లీ మళ్లీ నొక్కుతారు, 1,800 కాస్తా ఎన్ని వేలవుతాయో చెప్పలేం. పది ఇరవై దాకా నడిచిన గొడవ అదే.

పరీక్ష మధ్యలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సెకండరీ గ్రేడ్ టీచర్ పరీక్షలో 160 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ప్లగిన్ పది ప్రశ్నలకోసారి జవాబులు భద్రం చేస్తుంది. 600 మందికి కలిపి 9,000 సెకన్లలో 9,600 సార్లు, సెకనుకు ఒకటికి కాస్త ఎక్కువ. ఆ పాత ప్లాన్ కూడా దాన్ని సునాయాసంగా మోస్తుంది. పన్నెండున్నరకు టైమర్ అయిపోయి అందరివీ ఒకేసారి సబ్మిట్ కావడంతో మళ్లీ మొదటి కథే.

వారంలో ఉన్న 168 గంటల్లో మాకు బలం కావాల్సింది రెండు సందర్భాల్లో, ఒక్కోసారి పది నిమిషాలు. హోస్టింగ్ పోల్చడం నేను ఇక్కణ్నుంచే మొదలుపెట్టాను. 'బెస్ట్ హోస్టింగ్' అని వెతికి వచ్చే జాబితాలు నాకు పనికిరావు. వాటిలో చాలా భాగం ఒక్కో అమ్మకానికి కమీషన్ తీసుకునేవాళ్లు రాసేవే. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ జాబితాల్లో పోటీదార్లుగా కనిపించే బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, బిగ్‌రాక్ మూడూ ఒకే యజమానివి, న్యూఫోల్డ్ డిజిటల్‌వి. ఒకే మిల్లు బియ్యం మూడు రకాల సంచుల్లో పెట్టి ఏది మంచిదంటే ఏం చెబుతాం?

సోమవారం నుంచి గురువారం దాకా

తర్వాతి పరీక్ష మే 4. నాలుగు రోజుల్లో తేల్చాలి.

మొదట పాత కంపెనీనే అడిగాను. చాట్‌లో వచ్చినాయన చక్కగానే మాట్లాడాడు. 'బిజినెస్' ప్లాన్‌కు మారమన్నాడు. "దాంట్లో ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని, కోర్లు ఎన్ని?" అని అడిగితే ధరల పేజీ లింకు పంపాడు. అందులో ఆ అంకెలు ఉండవు కాబట్టే కదా అడిగింది. మూడోసారి అడిగాక 40, 2 అని చెప్పాడు. కిటికీలు రెట్టింపు, గుమాస్తాలు ఇద్దరు. ఆరు నిమిషాల పని మూడు నిమిషాలవుతుంది, గెంటివేత మాత్రం అలాగే ఉంటుంది. ధర మూడింతలు, అదీ ఏడాదికి ముందుగా.

ఈ ఒక్క ప్రశ్ననే ఇంకో మూడు షేర్డ్ కంపెనీల్లోనూ అడిగాను. ఒక చోట వెంటనే అంకె చెప్పారు. ఒక చోట 'మీ అవసరానికి సరిపోతుంది' అన్నారు. మూడో చోట జవాబు మర్నాడు వచ్చింది. కొత్తగా హోస్టింగ్ తీసుకునే ఎవరికైనా నేను చెప్పే పరీక్ష ఇదే: డబ్బు కట్టక ముందు ఈ ప్రశ్న అడిగి, జవాబు ఎంతసేపటికి, ఎలా వస్తుందో చూడండి. కట్టాక వచ్చే సపోర్టు ఇంతకన్నా మెరుగ్గా ఉండదు.

సారు అల్లుడు బెంగళూరులో ఉద్యోగం. ఆయనదొక సలహా: సెంటర్ వెనక గదిలో మంచి కంప్యూటర్ పెట్టి, ఫైబర్ కనెక్షన్ మీద మనమే నడుపుదామని. మే నెల కడపలో. ఫ్యాను ఆగితే మనుషులే నిలవని గదిలో. కరెంటు సంగతి పక్కన పెట్టినా, ఇళ్లకిచ్చే చాలా కనెక్షన్లలో బయటి నుంచి నేరుగా మన కంప్యూటర్‌కు చేరే ఐపీ అడ్రసు ఉండదు, విడిగా తీసుకోవాలి. ఆ మాట అక్కడితో ఆగింది.

మిగిలింది వీపీఎస్, అంటే పెద్ద సర్వర్‌లో మనకంటూ విడిగా దొరికే వాటా. ఇక్కడ నా జాబితాలో మూడు పేర్లు నిలిచాయి. అమెజాన్ లైట్‌సెయిల్ ముంబయి, డిజిటల్‌ఓషన్ బెంగళూరు, దానిమీదే సర్వర్ బాధ్యత వాళ్లే చూసుకునే క్లౌడ్‌వేస్. ఈ మూడోదాన్ని 2022లో డిజిటల్‌ఓషనే కొనేసింది. హెట్జ్‌నర్ చవక, కానీ ఇండియాలో డేటా సెంటర్ లేదు, దగ్గరిది సింగపూర్.

దూరం గురించి ఒక మాట. జనం దీని మీద చాలా వాదించుకుంటారు. మా ఆఫీసు కనెక్షన్ మీద కొలిస్తే బెంగళూరుకు పోయి రావడానికి 20 మిల్లీసెకన్ల పైచిలుకు, ముంబయికి 35 అటూఇటూ, సింగపూర్‌కు 65. పాత సర్వర్‌కు మాత్రం 240! రూపాయల్లో బిల్లు, హిందీలో సపోర్టు, సర్వర్ మాత్రం అమెరికాలో. మూడేళ్లు ఎవరికీ తెలియలేదు, నేనూ చూసుకోలేదు. బ్రౌజర్ ఒక కొత్త సైటుతో మాట కలపడానికి ఒకసారి, తాళాలు మార్చుకోవడానికి ఒకసారి, పేజీ అడిగి మొదటి అక్షరం అందుకోవడానికి ఒకసారి పోయి రావాలి. మూడు ప్రయాణాలకు 720 మిల్లీసెకన్లు సర్వర్ ఏ పనీ చేయకముందే పోతాయి. ఇదంతా నిజమే అయినా, ఆ ఆదివారం మా సైటు పడింది దూరం వల్ల కాదు. బెంగళూరా ముంబయా అన్న 15 మిల్లీసెకన్ల తేడా మీద నేను ఒక్క నిమిషం కూడా పెట్టలేదు.

లైట్‌సెయిల్ మీద మొదట మనసు పోయింది. 2 జీబీ మెమరీ, 2 కోర్ల ప్లాన్ నెలకు 12 డాలర్లు. కోర్లు రెండని రాసినా, ఆగకుండా వాడుకోగలిగేది ఒక్కో కోరులో 20 శాతమే. ఖాళీగా ఉన్నప్పుడు పొదుపు చేసుకున్నది అవసరమైనప్పుడు ఖర్చు పెట్టుకోవచ్చు. వారమంతా పొదుపు, ఆదివారం ఖర్చు, మాకు కొలిచి కుట్టినట్టుంది. ముంబయిలో డేటా బదిలీ వాటా మిగతా చోట్ల ఇచ్చేదాంట్లో సగమే, కానీ నెలకు 6 జీబీ కూడా దాటని మాకు అదొక లెక్క కాదు.

చిక్కు ప్లాన్ మార్చుకోవడంలో వచ్చింది. లైట్‌సెయిల్‌లో నడుస్తున్న సర్వర్‌ను ఉన్నచోటే పెద్దది చేయలేం. స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తానికి నకలు) తీసి, దాని నుంచి పెద్ద సర్వర్ కొత్తగా పుట్టించి, ఐపీ దానికి తగిలించాలి. ఆ స్నాప్‌షాట్ నుంచి చిన్న సర్వర్‌కు తిరిగి రాలేం. ఎక్కడమే గానీ దిగడం లేని మెట్లు. డీఎస్సీ అయిపోయాక ఈ సైటు మళ్లీ రోజుకు వంద మంది చూసే సైటే. అప్పుడు సారు చేత పెద్ద సర్వర్ బాడుగ కట్టించడం నాకిష్టం లేదు.

డిజిటల్‌ఓషన్‌లో దిగడానికి మెట్లున్నాయి, కానీ ఒక మెలిక ఉంది. సర్వర్‌ను ఆపి రీసైజ్ చేసేటప్పుడు రెండు దార్లు అడుగుతుంది: సీపీయూ, మెమరీ మాత్రమే పెంచాలా, డిస్కు కూడానా అని. డిస్కు ఒకసారి పెంచితే వెనక్కి తగ్గదు, దాంతో చిన్న ప్లాన్‌కు దారి మూసుకుపోతుంది. డిస్కు జోలికి పోకుండా పెంచితే ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. కాబట్టి నేను కావాలనే 6 డాలర్ల చిన్న ప్లాన్‌తో పుట్టించాను. 1 జీబీ మెమరీ, 25 జీబీ డిస్కు. మా 7 జీబీకి అది చాలు. వెంటనే దాన్ని ఆపి, డిస్కు ముట్టకుండా, 2 కోర్లు 2 జీబీ ఉన్న 18 డాలర్ల ప్లాన్‌కు ఎక్కించాను. మొదటే 18 డాలర్ల ప్లాన్‌తో పుట్టించి ఉంటే డిస్కు 60 జీబీతో వచ్చేది, 6 డాలర్లకు ఇంక దిగే వీలుండేది కాదు. ఈ కేసులో నేను చేసిన ఒకే ఒక తెలివైన పని ఇదేనేమో.

ఆదివారం మాత్రం పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా 4 కోర్లు 8 జీబీ ప్లాన్. దాని నెల ధర 48 డాలర్లు, గంటకు 7 సెంట్లు. ఐదు గంటలకు 36 సెంట్లు, డాలరు 85 లెక్కన 30 రూపాయలు. మామూలు ప్లాన్‌కు ఎలాగూ పడేది తీసేస్తే అదనంగా పడేది 20 రూపాయల చిల్లర. సారుకు ఈ అంకె చెబితే నమ్మలేదు. "కారం దోసె రాదబ్బీ దానికి" అన్నారు. నిజమే.

క్లౌడ్‌వేస్‌ను ఎందుకు వదిలాను? దాంట్లో తప్పేమీ లేదు. సర్వర్ గురించి ఏమీ తెలియని వాళ్లకు, నాలాంటి వాడు అందుబాటులో లేని వాళ్లకు ఆ అదనపు డబ్బు దండగ కాదు. మా కేసులో ఆ పని నేనే చేస్తాను కాబట్టి, ఆ డబ్బు నాకే ఇమ్మన్నాను.

పెద్ద సర్వర్ తెచ్చాక కూడా

గురువారం రాత్రి సైటు నకలు కొత్త సర్వర్‌లో పెట్టి, కే6 అనే పనిముట్టుతో 600 మంది ఉత్తుత్తి విద్యార్థులను పది సెకన్లలో దాని మీదికి తోలాను. ఈ పరీక్ష మీ సొంత సర్వర్ మీదే చేయండి. షేర్డ్ హోస్టింగ్ మీద చేస్తే పక్క సైట్లకు ఇబ్బంది కావచ్చు, మీ ఖాతా కూడా పోవచ్చు.

2 కోర్లతో మూడు నిమిషాలకు పైగా పట్టింది. సగం మందికి 504, అంటే జవాబు రావాల్సిన సమయం మించిపోయింది. గెంటివేత పోయి వరుస వచ్చిందంతే. సర్వర్‌లో ముందు నిలబడి పిలుపులు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ 60 సెకన్లు ఆగి, ఇంక లాభం లేదని చెప్పేస్తోంది.

డబ్బుతో కొనే పని అక్కడితో అయిపోయింది. అర్ధరాత్రి దాటాక కోడ్ తెరిచాను. మూడు పిలుపుల్లో రెండు అనవసరం. ఒకటి సెంటర్ లోగో పక్కన 'ఇప్పుడు ఎంతమంది రాస్తున్నారు' అనే అంకె చూపించడానికి. నేనే ముచ్చటపడి పెట్టింది. తీసేశాను. రెండోది ప్రశ్నపత్రం తెచ్చేది. అందరికీ ఒకే పత్రం కాబట్టి ప్రతి విద్యార్థి కోసం డేటాబేసును అడగాల్సిన పనే లేదు. ఫైలుగా రాసి పెట్టి, పది కొట్టగానే పేరు మార్చి తెరుచుకునేలా చేశాను. వాడని ఐదు ప్లగిన్లు పీకేశాను. మళ్లీ మళ్లీ అడిగే వివరాలను మెమరీలో ఉంచే రెడిస్ ఆబ్జెక్ట్ క్యాష్ పెట్టాను. వర్డ్‌ప్రెస్ నడిచే భాష పీహెచ్‌పీని 7.4 నుంచి 8.2కు మార్చాను. 7.4కు 2022 నవంబరుతోనే భద్రతా సవరణలు ఆగిపోయాయి, అదింకా నడుస్తోందంటే సిగ్గుపడాల్సింది నేనే.

ఇప్పుడు విద్యార్థికి ఒకే పిలుపు, దానికి 0.08 సెకన్లు. లెక్క ప్రకారం 2 కోర్లు సెకనుకు 25 మందిని పంపాలి, 600 మందికి 24 సెకన్లు. కే6 చూపింది 31. నాలుగు కోర్లతో 14.

ఇది చూశాక నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకున్నాను. ఇవే మార్పులు పాత హోస్టింగ్‌లో చేసి ఉంటే? ఒక కోరుతో 48 సెకన్లు. 20 కిటికీల గెంటివేత ఉండేది, రెడిస్ అక్కడ లేదు, అయినా మొదటి ఆదివారం పడ్డంత దారుణంగా మాత్రం పడేది కాదు. సారుతో ఈ మాట చెప్పాను. ఆయన ఒక్క క్షణం చూసి, "అయితే నీ తప్పు గూడా ఉండాదన్నమాట" అన్నారు. ఉంది.

ఇంకో మార్గం రూపాయి ఖర్చు లేనిది: అందరినీ ఒకేసారి రానివ్వకపోవడం. బ్యాచ్‌ల వారీగా పది నిమిషాల తేడాతో మొదలుపెడదామంటే సారు ససేమిరా అన్నారు. పేపర్ బయటికి పోతుందని ఆయన భయం. ముగింపు మాత్రం నా చేతిలో ఉంది. పన్నెండున్నరకు టైమర్ అయిపోగానే ఫోన్‌లో జవాబులు తాళం పడతాయి, సర్వర్‌కు వెళ్లడం మాత్రం సున్నా నుంచి 40 సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు.

మే 4

తరలింపు పెద్ద కథ కాదు. డీఎన్‌ఎస్ అంటే సైటు పేరును సర్వర్ అడ్రసుకు కలిపే పట్టిక. ఆ అడ్రసును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్ పాత చోట 14,400 సెకన్లుంది, అంటే అడ్రసు మార్చినా నాలుగు గంటల దాకా కొందరు పాత ఇంటికే పోతుంటారు. ముందు రోజే దాన్ని 300కు దించి, శుక్రవారం రాత్రి సైటు అడ్రసు చెప్పే 'A' రికార్డు మార్చాను. మెయిల్ ఎటు పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు ముట్టలేదు. సెంటర్ ఈమెయిళ్లు పాత సీప్యానెల్‌లోనే ఉన్నాయి. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, సైటుతో పాటు హోస్టింగ్ వదిలేసి, మెయిళ్లు కూడా పోగొట్టుకుంటారు.

ఆదివారం ఎనిమిదికి ఫోన్‌లోంచే సర్వర్ ఆపి పెద్దది చేశాను. రెండు నిమిషాల్లో లేచింది. తొమ్మిదీ నలభైకి సారు ఫోన్. గుండె జారింది.

"కొంతమంది పాస్‌వర్డ్ మర్చిపోయినారంట. మెయిల్ రాల్యా అంటాండారు."

డిజిటల్‌ఓషన్ సర్వర్ల నుంచి మెయిల్ పంపే 25, 465, 587 పోర్టులు (దార్లు) మొదటి నుంచీ మూసే ఉంటాయి, స్పామ్ పంపేవాళ్లను అడ్డుకోవడానికి. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసే ఉంది. చదవనిది నేను. పాత చోట మెయిల్ దానంతటదే పోయేది కాబట్టి ఆలోచనే రాలేదు. సెంటర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి నంబర్లు చదువుతుంటే, నేను కమాండ్ లైన్‌లో ఒక్కొక్కరికీ కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఆమె చేత వాట్సాప్‌లో పంపించాను. 23 మంది. చివరిది పదికి నాలుగు నిమిషాలుండగా పోయింది.

మర్నాడు మెయిళ్లు పంపిపెట్టే సేవ అమెజాన్ ఎస్‌ఈఎస్‌కు దరఖాస్తు పెట్టాను. వెయ్యి మెయిళ్లకు 10 సెంట్లు. మొదట శాండ్‌బాక్స్ అనే ప్రయోగ దశలో ఉంచుతారు, రోజుకు 200 దాటి పంపనివ్వరు, అదీ మనం ధ్రువీకరించిన అడ్రసులకే. అనుమతి వచ్చాక 2587 పోర్టు మీద కలిపాను, అది మూసి ఉండదు. మన పేరుతో మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో కొత్త పేరు చేర్చడం మరవకండి.

పది కొట్టింది. గ్రాఫ్‌లో సీపీయూ గీత గోడలా లేచి, పావు నిమిషంలో పడిపోయింది. ఫోన్ మోగలేదు. పది పదికి నేనే సారుకు చేశాను. "అందరూ రాస్తాండారు, నువ్వెందుకు చేసినావు?" అన్నారు.

డబ్బు, దాని తిప్పలు

18 డాలర్లు, వారానికోసారి బ్యాకప్‌కు దాని మీద 20 శాతం, మొత్తానికి 18 శాతం జీఎస్‌టీ. రూపాయల్లో నెలకు 2,170 దాకా. మే, జూన్ రెండు నెలలు అదే. ఆదివారాల అదనం మొత్తం కలిపినా 150 దాటలేదు. బ్యాకప్ ఉందని ఊరుకోకుండా ప్రతి రాత్రీ డేటాబేసు నకలు వేరే చోటికి పంపే ఏర్పాటు చేశాను. ఒకసారి దాన్నుంచి సైటు లేపి కూడా చూశాను. లేపి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అని నేననను.

బిల్లు కట్టడమే తలనొప్పి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు నుంచి నెలనెలా డబ్బు దానంతటదే పోవాలంటే ముందుగా మ్యాండేట్ (కార్డుదారు అనుమతి) నమోదు కావాలి. సారు కార్డు విదేశీ కంపెనీకి ఆ నమోదు దాటలేదు. బిల్లు కట్టక సర్వర్ ఆగితే మళ్లీ ఆదివారం పది గంటల గొడవే. అందుకని మూడు నెలలకు సరిపడా డబ్బు ముందే ఖాతాలో వేయించాను. రూపాయల్లో బిల్లిచ్చే కంపెనీలకు ఈ ఒక్క విషయంలో నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తాను. ఇంకొకటి: డిజిటల్‌ఓషన్‌లో సర్వర్ ఆపేసినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. బిల్లు ఆగాలంటే సర్వర్‌ను తీసేయాల్సిందే.

మూడో ఆదివారం నాటికి నాకో అనుమానం వచ్చింది. గ్రాఫ్ చూస్తే 2 కోర్లే చాలేట్టున్నాయి, ఇంక పెంచొద్దేమో అన్నాను. సారు ఒప్పుకోలేదు. "ఇరవై రూపాయల కాడ బేరమాడొద్దబ్బీ." జూన్ 1 దాకా, ఐదు ఆదివారాలూ పెంచాం.

జులై రెండో వారంలో సర్వర్‌ను 6 డాలర్ల ప్లాన్‌కు దించాను. ఆపి, తగ్గించి, లేపడానికి మూడు నిమిషాలు. అదే వారం సారు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపారు. పాత హోస్టింగ్ వాళ్ల మెయిల్: ఆగస్టులో గడువు ముగుస్తోంది, రెన్యూవల్‌కు ఇంత. మూడేళ్ల కిందట కట్టిన దానికి దాదాపు మూడింతలు. కింద ఆయన ప్రశ్న: "ఇది కట్టాల్నా?"

కట్టొద్దు. కానీ దాంట్లో సెంటర్ మెయిల్ పెట్టెలు నాలుగున్నాయి, మూడేళ్ల ఉత్తరాలతో. అవి తరలించే దాకా ఫోన్ చేయొద్దని చెప్పి, ఈ శనివారం ఆ పనిమీద కూర్చున్నాను.